నవ్వులో తప్పించుకున్న మంత్రి

1984 జనవరిలో లండన్‌లో ఒక పురస్కార సభ జరిగింది. టీవీలో అశ్లీలత, హింస మితిమీరాయని ఏళ్ల తరబడి పోరాడిన మేరీ వైట్‌హౌస్ సంస్థ ‘యెస్ మినిస్టర్’ అనే బీబీసీ హాస్య ధారావాహికకు బహుమతి ప్రకటించింది. దాన్ని అందించడానికి వచ్చిన ప్రధాని మార్గరెట్ థాచర్ ఊరికే రాలేదు, తన కార్యాలయంలో తయారైన చిన్న నాటికను వెంట తెచ్చారు. మంత్రి వేషం వేసే పాల్ ఎడింగ్టన్, శాఖ కార్యదర్శి వేషం వేసే నైజెల్ హాథార్న్‌ల మధ్య నిలబడి ప్రధాని పాత్రను ప్రధానే ధరించారు. ఆర్థికవేత్తలందరినీ రద్దు చేసిపారేద్దామన్నది ఆ నాటికలో ఆమె ప్రతిపాదన. నటులిద్దరికీ ఇది సుతరామూ ఇష్టం లేదు. బహుమతి అందుకున్న రచయితల్లో ఒకరైన జొనాథన్ లిన్, హాస్య ధారావాహికల రంగంలో ప్రధాని ఎట్టకేలకు తనకు తగిన స్థానాన్ని అందుకున్నారంటూ చురక వేస్తే సభంతా నవ్వింది. పాలకులను ఎండగడుతున్నామనుకునే కార్యక్రమాన్ని ఆ కాలంలోకెల్లా బలమైన పాలకురాలు అంతగా ఎందుకు నెత్తిన పెట్టుకున్నట్టు? ఆమెకు హాస్యప్రియత్వం ఉందని సరిపెట్టుకోవచ్చు. కానీ అసలు కారణం ఆ హాస్యం వాలిన వైపులోనే ఉందనుకుంటాను. ప్రభుత్వ యంత్రాన్ని ఏ మరకామర విప్పి చూపించిన ఆ ధారావాహిక, అదే చేత్తో మంత్రులకు ఒక సాకు కూడా అందించింది. ‘నేను చేద్దామనే అనుకున్నాను, అధికారులే సాగనివ్వలేదు’ అన్నది ఆ సాకు. నలభై ఏళ్లుగా అది చెల్లుబాటవుతూనే ఉంది. దాని ఖరీదు ఎంతో బ్రిటన్ చరిత్రే చెబుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ ఖరీదు ఇంకా ఎక్కువ.

ముందు దాని గొప్పతనాన్ని ఒప్పుకోవాలి. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాసిన ఈ ధారావాహిక తొలి భాగం 1979లోనే తయారైనా, సార్వత్రిక ఎన్నికలు దగ్గరపడ్డాయని బీబీసీ జంకి 1980 ఫిబ్రవరి దాకా ప్రసారం చేయలేదు. ‘యెస్ మినిస్టర్’, 1986 నుంచి 1988 వరకు వచ్చిన ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ కలిపి 38 భాగాలు. మంత్రి జిమ్ హాకర్, ఆ శాఖ శాశ్వత కార్యదర్శి సర్ హంఫ్రీ ఆపిల్‌బీ, ఇద్దరి మధ్యా నలిగే పేషీ కార్యదర్శి బెర్నార్డ్ వూలీ. కథంతా ఈ ముగ్గురి చుట్టూ, ఎక్కువగా ఒకే గదిలో తిరుగుతుంది. హాకర్ ఏ పార్టీవాడో చివరిదాకా చెప్పరు. 1981లో వచ్చిన ఒక భాగంలో కొత్తగా కట్టిన పెద్ద ఆస్పత్రి ఉంటుంది. అందులో పరిపాలన సిబ్బంది, ఇతర ఉద్యోగులు కలిసి సుమారు 500 మంది. రోగి మాత్రం ఒక్కడూ లేడు, ఎందుకంటే డాక్టర్లనూ నర్సులనూ నియమించడానికి డబ్బు మిగల్లేదు. విస్తుపోయిన మంత్రిని అక్కడి నిర్వాహకులు ఎంతో గర్వంగా వార్డువార్డూ తిప్పి చూపిస్తారు. నిర్వహణలో దేశంలోని మేటి ఆస్పత్రుల్లో ఇదొకటి అంటారు. రోగులు లేరని ఆస్పత్రి మూసేయమంటున్నారే, యుద్ధం లేదని సైన్యాన్ని ఇంటికి పంపేస్తున్నామా అన్నది హంఫ్రీ వాదన. ఉద్యోగులను తగ్గించబోతే యూనియన్ సమ్మెకు దిగుతుంది. ఆ యూనియన్ నాయకుడితో హంఫ్రీ లోపాయికారీగా మాట్లాడుకునే ఉంటాడు. ఇందులో ఎవరూ లంచం తీసుకోలేదు, చట్టం మీరలేదు. ప్రతివాడూ తన పని తాను నియమం తప్పకుండా చేశాడు. అందరి నియమాలూ కలిస్తే వచ్చింది ఖాళీ ఆస్పత్రి. మనుషుల దుర్మార్గాన్ని చూపించి నవ్వించడం తేలిక. దుర్మార్గుడెవడూ లేకుండానే వ్యవస్థ ఇంత వింతగా ఎలా తయారవుతుందో చూపించి నవ్వించడానికి వేరే స్థాయి పనితనం కావాలి.

ఇంకో సన్నివేశం చూడండి. 1986లో వచ్చిన భాగంలో, ప్రధాని అయిన హాకర్ నిర్బంధ సైనిక సేవను తిరిగి ప్రవేశపెడదామనుకుంటాడు. జనం దీనికి అనుకూలమని సర్వేలో తేలిందని బెర్నార్డ్ చెబుతాడు. అయితే వ్యతిరేకమని తేల్చే సర్వే ఇంకొకటి చేయించమంటాడు హంఫ్రీ. ఎలాగో అక్కడికక్కడే చేసి చూపిస్తాడు. యువతలో నిరుద్యోగం పెరగడం బెంగగా ఉందా, నేరాలు పెరుగుతున్నాయా, బడుల్లో క్రమశిక్షణ కొరవడిందా అంటూ వరసగా ప్రశ్నలు వేస్తాడు. ప్రతిదానికీ అవునంటూ వచ్చిన బెర్నార్డ్ చివరికి నిర్బంధ సైనిక సేవకూ అవునంటాడు. ఆ వెంటనే రెండో వరస. యుద్ధ ప్రమాదం గురించి భయమా, కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి చంపడం నేర్పడం ప్రమాదమేనా, ఇష్టం లేనివాణ్ని బలవంతంగా సైన్యంలోకి లాగడం తప్పేనా? ఇక్కడా అన్నీ అవునే, ఆఖరికి నిర్బంధ సైనిక సేవకు మాత్రం వ్యతిరేకం. నిమిషాల వ్యవధిలో ఒకే మనిషి ఒకే విషయానికి రెండు రకాల ప్రజాభిప్రాయంగా మారిపోతాడు. ఎన్నికల ముందు పార్టీకొకటి చొప్పున సర్వేలు పుట్టుకొచ్చే మన జిల్లాల్లో ఈ సన్నివేశానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పలేనిది రెండు నిమిషాల హాస్యం చెప్పేసింది.

అయితే ఈ కథలకు ముడిసరుకు ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే వాలు తెలుస్తుంది. రచయితలకు పెద్ద ప్రేరణ రిచర్డ్ క్రాస్‌మన్ డైరీలు. 1964లో లేబర్ ప్రభుత్వంలో మంత్రి అయిన క్రాస్‌మన్, తన శాఖ అధికారులు తనను ఎలా మెత్తగా చుట్టుముట్టి ఊపిరాడనివ్వలేదో రోజూ రాసుకున్నాడు. ఆయన చనిపోయాక ఆ డైరీలు వెలువడకుండా ప్రభుత్వం కోర్టుకెక్కింది, ఓడింది. 1975 నుంచి అవి అచ్చయ్యాయి. రచయితలకు లోగుట్టు చెప్పినవారిలో ముఖ్యులు హెరాల్డ్ విల్సన్ రాజకీయ కార్యదర్శిగా పనిచేసిన మార్సియా ఫాల్కెండర్, ప్రధాని విధాన విభాగం నడిపిన బెర్నార్డ్ డొనహ్యూ. ఇద్దరూ నాయకుల వెంట వచ్చినవాళ్లే, అధికార యంత్రాంగంతో పేచీలు పడ్డవాళ్లే. ధారావాహికను పుస్తకంగా మలచినప్పుడు కూడా దానికిచ్చిన రూపం మంత్రి హాకర్ డైరీ. అంటే మనం చూసే సచివాలయం మంత్రి కుర్చీలోంచి కనిపించే సచివాలయం. దీనికి ఒక సిద్ధాంతం కూడా తోడైంది. పబ్లిక్ ఛాయిస్ అనే ఆర్థిక ఆలోచనా ధోరణి ప్రకారం ప్రభుత్వోద్యోగి ప్రజాసేవకుడేమీ కాదు. తన బడ్జెట్టూ తన సిబ్బందీ పెంచుకోవడమే అతని లక్ష్యం. ఈ ఆలోచనల ప్రభావం తమ కథల మీద ఉందని ఆంటొనీ జే 2007లో ఆడమ్ కర్టిస్ తీసిన డాక్యుమెంటరీలో దాపరికం లేకుండా చెప్పారు. ఆ ధోరణికి ఆద్యుల్లో ఒకరైన జేమ్స్ బుకానన్‌కు 1986లో, అంటే ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ మొదలైన ఏడే, ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. థాచర్ ప్రభుత్వం తలకెత్తుకున్నదీ ఈ ఆలోచననే. ఇంత మాటకారి, ఇంత అందమైన ప్రచారకుడు హంఫ్రీ రూపంలో వారంవారం ఇంటింటికీ వస్తుంటే ఆమె ముచ్చటపడకుండా ఎలా ఉంటారు?

హాకర్‌ను మాత్రం వదిలారా అని అడగవచ్చు. నిజమే, వదల్లేదు. పేరు పేపర్లో వస్తే పొంగిపోతాడు, ఓట్లు పోతాయంటే జావగారిపోతాడు. లివర్‌పూల్ దగ్గర రసాయన కర్మాగారం కథలో న్యాయం హంఫ్రీ పక్షానే ఉంది. అక్కడ తయారయ్యే పదార్థం ప్రమాదకరం కాదని నిపుణులు చెప్పినా, స్థానికుల ఆందోళనకు భయపడి హాకర్ శాస్త్రవేత్త నివేదికనే మెత్తబరచడానికి పూనుకుంటాడు. సమర్థుడైనా హంఫ్రీ మూలన పడేసిన డాక్టర్ కార్ట్‌రైట్ లాంటి నిజాయతీపరుడైన అధికారి కూడా అప్పుడప్పుడూ తెర మీదికొస్తాడు. అయినా తూకంలో తేడా ఉంది. హాకర్ పాపం భయం, హంఫ్రీ పాపం పథకం. భయపడేవాడిలో ప్రేక్షకుడు తనను చూసుకుంటాడు, అయ్యో పాపం అంటాడు. పథకం వేసేవాడి తెలివికి చప్పట్లు కొడతాడే గాని నమ్మడు. పైగా ఆ లోకంలో మంత్రికి ఏదైనా మంచి ఆలోచన వస్తే అది ఆగిపోయేది హంఫ్రీ వల్ల, చెడ్డ పని జరిగితే అది హాకర్ బలహీనత వల్ల. మంత్రే గట్టి పట్టుదలతో, పూర్తి నమ్మకంతో చెడ్డ నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఈ ధారావాహికకు కేంద్రం కాలేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే బ్రిటన్ ఎదుర్కొన్న ప్రశ్న అది.

క్లైవ్ పాంటింగ్ కథ తీసుకోండి. రక్షణ శాఖలో అధికారి. థాచర్ అధికారంలోకి రాగానే ప్రభుత్వ దుబారాను వెతికి పట్టమని డెరెక్ రేనర్ అనే వ్యాపార ప్రముఖుణ్ని నియమించారు. ఆయన కింద పనిచేసిన పాంటింగ్ తన శాఖలో ఎక్కడ డబ్బు వృథా అవుతోందో లెక్కతీసి కేబినెట్ ముందే వివరించాడు. ప్రధాని మెచ్చారు, ప్రభుత్వ గౌరవమూ దక్కింది. అంటే ఖాళీ ఆస్పత్రిని మూయించే రకం అధికారి అన్నమాట. 1982 మే 2న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను బ్రిటిష్ జలాంతర్గామి ముంచేసింది. 323 మంది చనిపోయారు. ఆ నౌక ఎటు పోతుండగా ముంచారన్న విషయంలో మంత్రులు పార్లమెంటుకు నిజం చెప్పడం లేదని పాంటింగ్‌కు ఫైళ్లలో కనిపించింది. 1984లో ఆ పత్రాలను ఒక ప్రతిపక్ష ఎంపీకి పంపాడు. అధికార రహస్యాల చట్టం కింద ప్రభుత్వం కేసు పెట్టింది. న్యాయమూర్తి ధోరణి ప్రభుత్వం వైపే ఉన్నా 1985 ఫిబ్రవరిలో జ్యూరీ అతణ్ని నిర్దోషిగా వదిలేసింది. ఆ వెంటనే కేబినెట్ కార్యదర్శి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో అధికారులకు ఒక పత్రం వెళ్లింది. మీ విధేయత అప్పటి ప్రభుత్వానికే, అంతకు మించి వేరే బాధ్యత లేదన్నది దాని సారాంశం. టీవీలో అధికారి నిజాన్ని దాచి మంత్రిని ఏమారుస్తుంటే జనం నవ్వుతున్నారు. వాస్తవంలో మంత్రులు దాచిన నిజాన్ని బయటపెట్టిన అధికారి బోనెక్కాడు. ఆ ఏడాది బ్రిటన్‌లో హాస్యానికీ వాస్తవానికీ మధ్య ఉన్న దూరం అంత.

థాచర్ పతనానికి తోడ్పడ్డ పోల్ ట్యాక్స్ కథలోనూ ఏ హంఫ్రీ లేడు. ఇంటి విలువతో నిమిత్తం లేకుండా తలకింత అని వేసే ఆ స్థానిక పన్ను వద్దని ఆమె ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ 1985లోనే రాతపూర్వకంగా హెచ్చరించారు. ఆమె వినలేదు. 1989లో స్కాట్లండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలైంది. 1990 మార్చి 31న లండన్ నడిబొడ్డున అల్లర్లు చెలరేగాయి. ఏడాది తిరక్కముందే ఆమె పదవి పోయింది, 1993లో ఆ పన్నూ పోయింది. ఇంతకూ ఆ పన్నును ఆపడానికి ఎవరూ కావాలని ఫైలు తొక్కిపెట్టలేదు. తొక్కిపెట్టి ఉంటే ఆమెకే మేలు జరిగేది. అయినా తర్వాతి ప్రభుత్వాలు నేర్చుకున్న పాఠం తిరగబడింది. అడ్డుపడే అధికారుల బదులు మనసెరిగి నడిచే మనవాళ్లను పెట్టుకుందామన్నది ఆ పాఠం. 1997లో టోనీ బ్లెయిర్ రాగానే ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, తన రాజకీయ సహాయకులైన అలస్టెయిర్ క్యాంప్‌బెల్, జొనాథన్ పావెల్‌లకు ప్రభుత్వాధికారులను ఆదేశించే అధికారం ఇచ్చారు. అయిదేళ్లు గడిచాక, ఇరాక్‌పై యుద్ధానికి దారితీసిన ఆయుధాల పత్రం వచ్చింది. మాజీ కేబినెట్ కార్యదర్శి బట్లర్ 2004లో ఇచ్చిన నివేదిక, నిర్ణయాలు సరైన కాగితాలు లేకుండా పిచ్చాపాటీగా జరిగిపోయిన తీరును తప్పుపట్టింది. కొర్రీలు వేసే మనిషిని గదిలోంచి పంపేశాక ఆ గదిలో మిగిలింది తానా అంటే తందానా అనేవాళ్లే.

ఈ కొత్త లోకానికి తగ్గ హాస్యం 2005లో బీబీసీలోనే వచ్చింది. అర్మాండో ఇయానూచి తీసిన ‘ది థిక్ ఆఫ్ ఇట్’లో హంఫ్రీ స్థానంలో ప్రధాని తరఫున మీడియాను శాసించే మాల్కమ్ టక్కర్ ఉంటాడు. పీటర్ కపాల్డి పోషించిన ఆ పాత్ర బూతుల వానలో మంత్రులు తడిసి ముద్దవుతారు. తొలి భాగంలోనే ఓ మంత్రి కొత్త విధానం ప్రకటించడానికి విలేకరుల సమావేశానికి బయల్దేరతాడు. దారిలో ఉండగా, ఆ విధానం లేదు పొమ్మని పైనుంచి కబురొస్తుంది. విలేకరులు అప్పటికే పోగై ఉన్నారు. కారు వెనక సీట్లో మంత్రీ ఇద్దరు సలహాదారులూ తలలు బద్దలు కొట్టుకుని, సమావేశం మొదలయ్యేలోపు ఖర్చు లేని కొత్త విధానం ఒకటి పుట్టించాలి. దీని లాభనష్టాలేమిటి, చట్టం ఒప్పుతుందా, పోయినసారి ఇలాంటిది చేస్తే ఏమైంది అని అడిగే మనిషి ఆ కారులో లేడు. శాఖలోని శాశ్వత ఉద్యోగి టెరీ లాంటివాళ్లు ఆఫీసు వేళ అయిపోతే చాలనుకునేవాళ్లు. ఇక్కడ మంత్రికి సాకు దొరకదు. అతన్ని ఆపిందెవరూ లేరు, అతనికే ఏమీ తెలియదు. ఈ ధారావాహిక బృందాన్ని పిలిచి స్వయంగా బహుమతి ఇచ్చి, పక్కన నిలబడి నాటిక వేయాలని ఏ ప్రధానికీ తోచి ఉండదు. ‘యెస్ మినిస్టర్’ కంటే దీని రచన గొప్పదని అనను, దాని నిర్మాణ సౌష్ఠవం దీనికి లేదు. నవ్వు తగలవలసినచోట తగలడంలో మాత్రం ఇది ఒక అడుగు ముందుంది.

ఇదంతా ఒక టీవీ కార్యక్రమం నెత్తిన రుద్దడం అన్యాయం కాదా అన్నది బలమైన అభ్యంతరమే. పోల్ ట్యాక్స్‌కూ ఇరాక్‌కూ జే, లిన్‌లు బాధ్యులు కారు. విధానాలను మార్చే శక్తి హాస్యానికి లేదు. కానీ రాజకీయ నాయకుడికి జనం ముందే నమ్మి ఉన్న కథ ఒకటి కావాలి, ఈ ధారావాహిక దాన్ని తయారుగా ఉంచింది. 2022 సెప్టెంబరులో లిజ్ ట్రస్ ప్రధాని కాగానే ఆమె ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆర్థిక శాఖ శాశ్వత కార్యదర్శి టామ్ స్కాలర్‌ను ఇంటికి పంపడం. పాత చింతకాయ ఆలోచనలతో ఆ శాఖ కొత్తదనాన్ని అడ్డుకుంటోందన్నది ఆ శిబిరం వాదన. ‘యెస్ మినిస్టర్’ చూసినవాళ్లకు అది వేరే విడమరిచి చెప్పక్కర్లేని వాదన. సెప్టెంబరు 23న, స్వతంత్ర బడ్జెట్ సంస్థ అంచనాలు కూడా బయటపెట్టకుండా, సుమారు 4,500 కోట్ల పౌండ్ల పన్ను తగ్గింపులతో మినీ బడ్జెట్ వచ్చింది. మార్కెట్లు కుదేలయ్యాయి. 28వ తేదీన పింఛను నిధులు కుప్పకూలకుండా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వ బాండ్లు కొనడానికి దిగింది. అక్టోబరు 20న ట్రస్ రాజీనామా ప్రకటించారు. ‘వద్దండీ, దీనివల్ల ఇది జరుగుతుంది’ అని చెప్పే పదవిలోని మనిషిని తీసేసిన రెండు వారాలకు ఆ జరగకూడనిది జరిగింది. అంతమాత్రాన అధికారులు ఎప్పుడూ ఒప్పే అనడం లేదు. వాళ్లు ఫైళ్లు తొక్కిపెడతారు, సొంత శాఖను పెంచుకుంటారు, తప్పు కప్పిపుచ్చుకుంటారు. అయితే పని జరగనివ్వకుండా వేసే అడ్డుపుల్ల వేరు, పని చెడిపోకుండా చెప్పే అభ్యంతరం వేరు. ఈ రెండింటినీ ఒకే మూటగా కట్టి నవ్వించడమే ఆ ధారావాహిక చేసిన పొరపాటు.

ఈ అభ్యంతరం చెప్పే హక్కుకు పుట్టుక 1854 నాటి నార్త్‌కోట్, ట్రెవెలియన్ నివేదికలో ఉంది. సిఫారసులతో కాకుండా పరీక్షలతో ఉద్యోగులను ఎంచుకోవాలనీ, మంత్రులు మారినా వాళ్లు ఉండాలనీ, మంత్రులకు నిర్భయంగా సలహా ఇచ్చేంత నిబ్బరం వాళ్లకుండాలనీ అది చెప్పింది. ఆ చార్లెస్ ట్రెవెలియనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. కలకత్తా ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ తెస్తున్న కొత్త పన్నులు తగవని ట్రెవెలియన్ అభ్యంతరం రాశాడు. రాసి ఊరుకోకుండా దాన్ని బయటపెట్టేశాడు. 1860లో లండన్ అతన్ని వెనక్కి పిలిపించింది. అభ్యంతరం రాయడం అతని విధి, రచ్చకెక్కించడమే అతని పదవికి ముప్పు తెచ్చింది. ఫైల్లో నిక్కచ్చిగా కాదనాలి, నిర్ణయం అయ్యాక నోరు మూసుకుని అమలు చేయాలి అన్న ఈ సన్నటి గీత మన అఖిల భారత సర్వీసులకూ వారసత్వంగా వచ్చింది. అందుకే సర్దార్ పటేల్ 1949లో రాజ్యాంగ సభలో, నిర్భయంగా మాట్లాడే అధికారులకు రక్షణ ఉండాలని అంత గట్టిగా పట్టుబట్టారు.

ఆ రక్షణ మన దగ్గర ఏమైందో అందరికీ తెలుసు. 2001లో స్టార్ ప్లస్ ‘యెస్ మినిస్టర్’ను ‘జీ మంత్రీజీ’గా హిందీలోకి తెచ్చింది. ఫారూఖ్ షేక్ మంత్రి, జయంత్ కృపలానీ కార్యదర్శి. చక్కటి నటులు, చక్కటి సంభాషణలు, అయినా కథ మన గడ్డ మీద నిలదొక్కుకోలేదు. దానికి కారణాలు చాలానే ఉండవచ్చు గాని, పునాదిలోనే ఒక తేడా ఉంది. బ్రిటన్‌లో హాకర్ హంఫ్రీని బదిలీ చేయలేడు, అతని ఆటలన్నీ ఆ ధీమా మీదే సాగుతాయి. మన దగ్గర పొద్దున కొర్రీ వేసిన కార్యదర్శికి సాయంత్రానికి లూప్‌లైన్ పోస్టు సిద్ధం, లేదా పోస్టింగే లేకుండా నిరీక్షణ. హరియాణాలో ఐఏఎస్ అధికారి అశోక్ ఖేమ్కాకు సర్వీసు మొత్తంలో 50కి పైగా బదిలీలయ్యాయి. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు వేసిన కేసులో 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు, అధికారులకు కనీస పదవీకాలం ఉండాలనీ, మౌఖిక ఆదేశాల మీద పనిచేయవద్దనీ, నోటిమాటగా చెప్పినదాన్ని కాగితం మీద నమోదు చేయాలనీ చెప్పాల్సి వచ్చింది. ఆ తీర్పే మన రోగమేమిటో చెబుతోంది. అధికారి మంత్రిని ఏమార్చడం కంటే పేషీ నుంచి ఫోన్ రాగానే అధికారి సంతకం పెట్టేయడం ఇక్కడ పెద్ద సమస్య. ఉమ్మడి రాష్ట్రంలో వివాదాస్పదమైన 26 జీవోల వ్యవహారం కోర్టులకెక్కినప్పుడు, సంతకం ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్న వాదన ఏళ్ల తరబడి సాగింది. ఇక హంఫ్రీ నమూనాకు అస్సలు లొంగని అధికారినీ మన రాష్ట్రం చూసింది. ఎస్.ఆర్. శంకరన్ సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లి, మీరు స్వేచ్ఛాపరులని కూలీలకే చెప్పారు. ముఖ్యమంత్రి చెన్నారెడ్డికి అది నచ్చలేదు, శంకరన్ సెలవు పెట్టి వెళ్లిపోయారు. త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయన్ను పిలిచి తన ప్రధాన కార్యదర్శిని చేసుకున్నారు. అక్కడ పని ముందుకు తోసింది అధికారి, వెనక్కి లాగింది రాజకీయం. పబ్లిక్ ఛాయిస్ సిద్ధాంతంలో శంకరన్‌కు గడి లేదు.

మరి మన టీవీ హాస్యం ఏం చేస్తోంది? నాయకుల గొంతులు, నడకలు, చేతి ఊపుళ్లు అనుకరిస్తోంది. యాస వార్తల్లో చెణుకులు వేస్తోంది. ఆ పనిలో మనవాళ్లకు సాటి లేదు. కాని ఈ హాస్యంలో ఎక్కడా ఫైలు కనిపించదు, జీవో ఎలా పుట్టిందో కనిపించదు. సినిమా దీనికి రెండో కొస. ‘ఒకే ఒక్కడు’ నుంచి ‘భరత్ అనే నేను’ దాకా మంచి ముఖ్యమంత్రి అంటే అధికారులను నిలబెట్టి కడిగేసేవాడు, అక్కడికక్కడే సస్పెండ్ చేసేవాడు. హాల్లో ఈలలు మోగేది కూడా ఆ సీన్‌కే. హాకర్ సాకును హీరోయిజంగా మార్చి మనకు మనమే అమ్ముకున్నామన్నమాట. వ్యవస్థను నవ్వుతో విప్పే కళ తెలుగుకు కొత్తా అంటే కాదు. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం, పోలీసు, కోర్టు కలిసి ఒక యంత్రంగా ఎలా తిరుగుతాయో చూపించాడు. ఆ యంత్రంలో ప్రతి పళ్లచక్రానికీ ఒక న్యాయమైన కారణం ఉంటుంది, నలిగేది మాత్రం పేదవాడే. అది తెర మీదికి రాకపోవడానికి భయం ఒక కారణమంటే కాదనలేను. 2014 జూన్‌లో తెలంగాణ తొలి శాసనసభ సభ్యుల ప్రమాణ స్వీకారాన్ని ఎగతాళి చేసిన కార్యక్రమంపై దుమారం రేగితే టీవీ9 క్షమాపణ చెప్పింది. అయినా కేబుల్ ఆపరేటర్లు నెలల తరబడి ఆ ఛానల్‌ను తెలంగాణలో నిలిపేశారు. అయితే గమనించాల్సిందేమంటే, అంత మూల్యం చెల్లించిన ఆ హాస్యం కూడా మనుషుల మాటతీరు మీదే. యాసను వెక్కిరిస్తే ఒక ప్రాంతం మొత్తానికి గుచ్చుకుంటుంది, నాయకుడు ఆ జనం వెనక దాక్కోగలుగుతాడు. ప్రక్రియను వెక్కిరిస్తే అలా దాక్కునే వీలుండదు. కల్పిత శాఖ, కల్పిత మంత్రి, ఏ పార్టీయో చెప్పని కథ పెట్టుకుని జే, లిన్‌లు ఎనిమిదేళ్లు నడిపారు. ఆ నేర్పు మనవాళ్లకు అబ్బదనుకోవడానికి కారణం లేదు.

కాబట్టి వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది పద్ధతి, తీర్పు కాదు. అదే గది, అవే మూడు కుర్చీలు, అదే ఫైలు తీసుకుందాం. నవ్వు గురిని మాత్రం మార్చాలి. తెలుగులో వచ్చే రాజకీయ హాస్యంలో కథానాయకుడు మంత్రిని బుట్టలో వేసే కార్యదర్శి అయితే అది లండన్ నుంచి దిగుమతి చేసుకున్న అబద్ధం అవుతుంది. ఫోన్‌లో వచ్చిన ఆదేశాన్ని నోట్ ఫైల్లో తన సొంత ఆలోచనగా ఎలా రాయాలా అని తెల్లవార్లూ తంటాలు పడే ముఖ్య కార్యదర్శి, ఎక్కడా సంతకం పెట్టకుండా అన్నీ నడిపించే ఓఎస్డీ, అయిదేళ్లయ్యాక అంతా బిజినెస్ రూల్స్ ప్రకారమే జరిగిందని ఒకరినొకరు చూపించుకునే మంత్రీ అధికారీ మన సచివాలయాల్లోని పాత్రలు. వాటి మీద హాస్యం రాస్తే ఏ ముఖ్యమంత్రీ వచ్చి పక్కన నిలబడి నాటిక వేయడు. రాజకీయ హాస్యం గురి తప్పలేదనడానికి అంతకంటే నమ్మదగిన గీటురాయి నాకు కనిపించదు.